వంగడి

జగిత్యాలలో మా లోకల్ కేబుల్ ఛానెల్ స్టూడియో అంటే ఒక షట్టర్ గది. అటు ఎరువుల దుకాణం, ఇటు జిరాక్స్ సెంటర్. వార్తలు రికార్డు చేసేటప్పుడు షట్టర్ కిందికి దించేవాళ్లు, లేకపోతే బయటి ఆటోల హారన్లన్నీ వార్తల్లోకి వచ్చేవి. ఫ్యాను కూడా ఆపేవాళ్లు, దాని చప్పుడు మైకులో పడుతుందని. గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీశారు. లైట్లు సూటిగా మొహం మీద. పైన పట్టుచీర, మెడలో గొలుసులు, కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులు. కెమెరాకు నడుము కింద కనిపించదు కదా! ఆ ఉక్కలో వీపంతా చెమట కారుతున్నా నవ్వు చెదరకుండా "నమస్కారం" అనడమే నా ఉద్యోగం.

ఆ ఉద్యోగం నాకెందుకంత ముఖ్యమో ముందే చెప్పాలి. మా అత్తగారి ఊరు కోరుట్ల. నేనుండేదీ అక్కడే, జగిత్యాలకు రోజూ బస్సులో వచ్చేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో సిమెంటు బస్తాలు మోసీ మోసీ నడుము చెడగొట్టుకుని తిరిగొచ్చాడు. మా అత్త పొద్దున లేచింది మొదలు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇంకో చాట ఖాళీగా గోడకు ఆనించి ఉండేది. అది నాది. పెళ్లయిన కొత్తలో నేనూ చుట్టాను. తంబాకు ఘాటుకు దగ్గు, మెడ నొప్పి, కూర్చున్న చోటనే తెల్లారడం, కూర్చున్న చోటనే పొద్దుగూకడం. మా అత్త చెడ్డ మనిషేం కాదు. కానీ నాకు బస్సు దొరక్క ఇంట్లో ఉండిపోయిన రోజున "నీ చాట గట్లనే ఉన్నది, నేనేం పారెయ్యలే" అని గుర్తు చేసేది. ఆ మాట విన్న మర్నాడు మొదటి బస్సుకే పరిగెత్తేదాన్ని.

అందుకని పని నేర్చుకున్నాను. వార్తలు చదవడానికి పెట్టుకుంటే, తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను, ఎడిటింగ్ నేర్చుకున్నాను, కెమెరామన్ సెలవు పెడితే కెమెరా కూడా పట్టాను. మా ఓనర్ సారు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు. "పని నేర్సుకున్నోన్ని ఎవ్వడు తీసెయ్యడమ్మా. పని రానోడే పోతడు." ఆ మాటను నేను దేవుడి మాటలా నమ్మాను. అన్నీ వచ్చాయి. లొంగనిదల్లా ఒక్క నా నోరే.

నేను పుట్టి పెరిగింది సిరిసిల్ల. మా అవ్వ ఇంట్లో మిషన్ పెట్టుకుని మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మా దగ్గర కన్నతల్లినే అవ్వ అంటారు. ఆ మిషన్ చప్పుడులో మాట వినిపించాలంటే గొంతు చించుకోవాలి, కాబట్టి మా ఇంట్లో గుసగుసలనేవే లేవు. ఇక మా మాట! మాకు 'వ' అనే అక్షరంతో ఏదో పాత పగ ఉన్నట్టుంటుంది. వడ్లు మాకు అడ్లు. వంకాయ అంకాయ. వద్దు అంటే అద్దు. వచ్చిండు కూడా కాదు, అచ్చిండు. ఇదంతా వార్తల్లో కుదరదన్నాడు సారు. వార్తలు హైదరాబాద్ ఛానెళ్ల తెలుగులోనే ఉండాలట.

ఆయన చేతిలో ఎప్పుడూ బైకు తాళంచెవి ఉండేది. నా నోరు జారితే దానితో బల్ల మీద టక్కుమని కొట్టేవాడు. అచ్చిండు, టక్. గక్కడ, టక్. వింతేమిటంటే ఆ తిట్లన్నీ మా యాసలోనే ఉండేవి. "గట్ల గాదమ్మా, జెర మంచిగ సదువు" అనేవాడు. నాకు ఒళ్లు మండి, "సార్, మీరు మాట్లాడొచ్చు, నేను మాట్లాడకూడదా?" అని అడిగాను. "నేను ఓనర్ను. నువ్వు యాంకర్వు" అన్నాడు.

నేను మొండిదాన్ని. నా అంతట నేనే ఒక సూత్రం కనిపెట్టుకున్నాను. మా మాట 'అ'తో మొదలైతే చాలు, ముందు ఒక 'వ' తగిలించేయడమే. అడ్లు, వడ్లు. అంకాయ, వంకాయ. ఎంత తేలిక అనుకున్నాను. అలా నోటికి 'వ' పట్టించి, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కెమెరా వైపు ధీమాగా చూస్తూ చదివాను: "రేపు మల్లాపూర్‌లో వంగడి జరుగుతుంది. రైతులు వంగడికి తరలిరావాలి." ఆ వెంటనే ప్రకటన. "దుకాణం వద్దెకు ఇవ్వబడును." అంగడి అంటే వారం సంత. అది మా మాటలోనూ అంగడే, పుస్తకాల్లోనూ అంగడే. అద్దె అంతటా అద్దే. నా 'వ' వాటిని కూడా వదిలిపెట్టలేదు.

కెమెరామన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, వంగడికి వంగి నడుసుకుంట పోవాల్నా?" అన్నాడు. ఊరు ఊరంతా చూసింది. మర్నాడు కూరగాయల దగ్గర ఒకామె నన్ను గుర్తుపట్టి "వంగడి అక్కా, వంకాయలు కావాల్నా?" అని అరిచింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అప్పుడు సారు ఒక కట్టడి పెట్టాడు. "ఇంట్ల గూడ గిదే తెలుగు మాట్లాడాలె. ఫోన్ల గూడ. ఉన్నది ఒక్క నోరు. దానికి రెండు మాటలు పెడితే తప్పుతది." నేను అలాగే చేశాను. ఇంట్లో "అత్తయ్యా, భోజనం చేశారా?" అంటే మా అత్త చాటలోంచి తలెత్తి "మా ఇంట్లకు కలెక్టరమ్మ అచ్చింది" అనేది. మా అవ్వకు ఫోన్ చేసి "అమ్మా, ఎలా ఉన్నావు?" అంటే మొదట్లో పకపకా నవ్వేది. తర్వాత ఒక రోజు నవ్వలేదు. "బాగానే ఉన్నాను అమ్మా. నీవు ఎలా ఉన్నావు?" అంది.

నేను బిత్తరపోయాను. "నీకేమైంది? ఎందుకలా మాట్లాడుతున్నావు?" అన్నాను.

"నా నోట్ల మాట నీ నోట్లకు అంటుకుంటది బిడ్డా" అంది. "నేను గిట్ల మాట్లాడి, నువ్వు రేపు టీవీల నోరు జారితే? నీ కొలువు పోదా? నేను గూడ నేర్సుకుంట. సీరియల్లు సూస్తున్నగదా, అస్తది."

ఫోన్లో ఆమె నన్ను బిడ్డా అని పిలవడం అదే ఆఖరు. అప్పుడు నాకా సంగతి తెలియలేదు. ముచ్చటగా అనిపించి నవ్వుకున్నాను కూడా.

కొంతకాలానికి నా నోరు తిరిగింది. షాపుల ఓపెనింగులకు, స్కూళ్ల వార్షికోత్సవాలకు మైకు పట్టమని పిలిచేవాళ్లు. సారు వచ్చినవాళ్లకు నన్ను చూపించి "మా యాంకర్ హైదరాబాద్ ఛానెల్లకు ఏం తక్కువ గాదు" అని మురిసేవాడు. తాళంచెవి చప్పుడు ఆగిపోయింది. కోరుట్లలో నా చాట మీద దుమ్ము పేరుకుంది. దాన్ని చూస్తే నాకు ఎంత హాయిగా ఉండేదో!

అంతలో ఉద్యమం వచ్చి ఊళ్లన్నిటినీ పట్టేసింది. ఎటు చూసినా దీక్షా శిబిరాలు, రోడ్ల మీద వంటావార్పులు, బందులు. బస్సు ఉంటుందో లేదో పొద్దున లేచి చూసుకుంటేనే తెలిసేది. తెలంగాణ రావాలని నాకూ ఉంది. ఎందుకుండదు? సిరిసిల్ల బతుకు నాకు ఒకరు చెప్పాలా? బందు రోజు షట్టర్ సగం దించి, ఆ చీకటి గదిలో కూర్చుని ఉద్యమ వార్తలు చదువుతుంటే నా గొంతు నిజంగానే వణికేది. అయితే ఆ వార్తలన్నీ నేను చదువుతున్నది "వారు డిమాండ్ చేశారు, నినాదాలు మిన్నంటాయి" అనే తెలుగులో. బయట మైకుల్లో పాటలూ ఉపన్యాసాలూ మా అవ్వ మాటలో మోగుతున్నాయి.

ఒక రోజు జగిత్యాల గడియారం టవర్ దగ్గరి శిబిరానికి మైకు పట్టుకుని పోయాను. బీడీలు చుట్టే ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఒక పెద్దామె ముందు మైకు పెట్టి, "మీరు ఈ దీక్షలో ఎందుకు పాల్గొంటున్నారు?" అని అడిగాను.

ఆమె పక్కామె వైపు తిరిగి "గీమె ఎవలే? ఆంధ్రామెనా?" అంది.

"కాదమ్మా, మాది సిరిసిల్ల. అత్తగారిది కోరుట్ల. మా అత్తగారు కూడా మీలాగే బీడీలు చుడతారు" అన్నాను. అత్తగారు, చుడతారు! నా నోటికి గౌరవం కూడా అటు తెలుగులోనే వచ్చింది.

"సిరిసిల్లోల్లు గిట్ల మాట్లాడుతరా? నాకు జెప్పకు. ఏదీ, మన మాట ఒక్కటి మాట్లాడు సూద్దాం."

టెంటంతా నా నోటి వైపు చూసింది. పుట్టినప్పటి నుంచి మాట్లాడిన మాట. అడిగితే రాదే! నోరు తెరిచి, తడబడి, "నేను గక్కడనే... పుట్టాను" అన్నాను. గక్కడనే వరకు సిరిసిల్ల, పుట్టాను దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికో పోయింది. ఒక్కసారిగా అందరూ గొల్లుమన్నారు. కోపంతో కాదు, సరదాకే. పెద్దామె నాకు చాయ్ కూడా ఇప్పించింది. "పాపం, నేర్సుకుంటున్నది" అంది పక్కామెతో. తిట్టినా బాగుండేది.

మరుసటి రోజో ఆ తర్వాతో సారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. "ఇగ నుంచి వార్తలు మన యాసలనే. జనం గదే అడుగుతున్నరు. సోమారం టెస్ట్ షూట్" అన్నాడు.

"సార్, మీరే కదా నా చేత ఇన్నాళ్లూ..." అన్నాను.

"అప్పటి ముచ్చట అప్పుడు, ఇప్పటి ముచ్చట ఇప్పుడు. గదేమన్న కష్టమా? మీ అవ్వతోటి మాట్లాడినట్టు మాట్లాడు, అయిపాయె." అంటూనే నా చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమన్నాడు. "మంత్రి గారు వచ్చారు" అని నోట్లోంచి రాగానే, టక్. అదే తాళంచెవి, అదే బల్ల! దాన్ని లాక్కుని మురికికాలువలోకి విసిరేయాలనిపించింది. ఆయన తొణకలేదు. "మల్లాపూర్ కెల్లి ఓ పిల్ల అచ్చింది, డిగ్రీ సదువుతున్నది. నోరు తెరిస్తే సాలు, ఇనుకుంటనే ఉండాలనిపిస్తది. నీతోటి అయితె సరే. కాకుంటె ఆమెతోటి చేపిస్త" అన్నాడు.

ఆ సాయంత్రం కోరుట్లలో ఇంట్లోకి అడుగు పెడుతూనే సాధన మొదలుపెట్టాను. "ఏం కూర వండినవ్ అత్తా?" అన్నాను. మా అత్త చేతిలోని బీడీ చాటలో పడేసి, నా మొహంలోకి చూసింది. "నన్ను ఎక్కిరిస్తున్నవా?" అంది.

"అయ్యో, లేదత్తా..."

"కాదా మరి? ఇన్ని రోజులు చేశారా, తిన్నారా అంటివి. ఇయ్యాల నా మాట నాకే అప్పజెప్పవడ్తివి." రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, అది నేనే. హైదరాబాద్ తెలుగు మాట్లాడితే ఆఫీసులో తాళంచెవి, మా యాస మాట్లాడితే ఇంట్లో వెక్కిరించానని నింద. గోడకు ఆనించిన చాట మాత్రం ఎదురుగా ఉంది. రాత్రి ఎవరో దాని దుమ్ము కూడా దులిపారు.

ఆదివారం సిరిసిల్లకు బయల్దేరాను. మా అవ్వ మాట్లాడుతుంటే సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుని, అది వింటూ నోటికి పట్టిద్దామని నా ఆలోచన. ఆ రోజు బస్సుల్లేవు. షేర్ ఆటోలు మారుతూ, వేములవాడ మీదుగా పడుతూ లేస్తూ పోయాను. మా సందులోకి తిరగగానే కండెల మిషన్ చప్పుడు, దాన్ని మించి మా అవ్వ గొంతు. పక్కింటామెతో ముచ్చట పెడుతోంది.

"గా మూలింటామె నూలు అద్దన్నదట! మగ్గాల ఆసామి అచ్చి ఇంటిముంగట నిలవడ్డడు. నీ నూలు నువ్వే సుట్టుకో పో అన్నదట. గంత దైర్నం దానికి యాడికెల్లి అచ్చిందే!"

అబ్బ, ఆ రాగం! ఆ 'అచ్చిందే' దగ్గర గొంతు పైకి లేపి వదిలేయడం! నేను గడప ఇవతలే ఆగిపోయి ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాను. బతికిపోయాను అనుకున్నాను. ఇంకొంచెం సేపు మాట్లాడితే చాలు. కానీ పక్కింటామె నన్ను చూసేసింది. "నీ బిడ్డ అచ్చిందే" అంది.

మా అవ్వ గబుక్కున మిషన్ ఆపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "వచ్చావా అమ్మా. లోనికి రా. కూర్చో" అంది.

పక్కింటామె వెళ్లిపోయింది. నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని, "అమ్మా, ఇప్పుడు ఆమెతో మాట్లాడినట్టు నాతో మాట్లాడు" అన్నాను.

"మాట్లాడుచున్నాను కదా" అంది.

"ఇలా కాదు, మామూలుగా."

"ఇది మామూలే కదా అమ్మా. బాగుగా నేర్చుకున్నాను. నీవు తింటావని రేపు వంగడికి వెళ్లి వంకాయలు తెస్తాను."

వంగడి! నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. ఆమెకు ఎవరూ తాళంచెవితో కొట్టి నేర్పలేదు. సీరియళ్లు చూసి, నేను ఫోన్లో మాట్లాడింది విని, మిషన్ ముందు ఒంటరిగా కూర్చుని నేర్చుకుంది. తిరిగి తిరిగి నేను పడ్డ గుంటలోనే పడింది. నేను ఏడుస్తుంటే ఆమె కంగారుపడింది. అప్పుడు అంతా చెప్పాను. సారు మాట మార్చాడని, ఇప్పుడు మన మాటే కావాలట అని, రేపే పరీక్ష అని.

ఆమె ఒక్కసారిగా లేచింది. "అద్దు, అద్దు! నమ్మకు! నిన్ను పట్టుకుందామని సూస్తున్నరు. నోరు జారితివా, నీ కొలువు పోతదే బిడ్డా!"

ఆ మాట గదంతా మోగింది. నోరు జారానని వెంటనే ఆమెకు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ కొంగు తీసినప్పుడు, "జాగ్రత్తగా ఉండు అమ్మా" అంది.

దారిలో ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాను. గడప దగ్గర రికార్డు చేసిన దానిలో మిషన్ టకటక, పక్కింటామె గొంతు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాతి మాటలప్పుడు ఏడుపులో మళ్లీ రికార్డింగ్ నొక్కడమే మరిచిపోయాను.

సోమవారం షట్టర్ దించారు. ఫ్యాను ఆపారు. "మల్లాపూర్ల అంగడి జోరుగ సాగింది. రైతులు అడ్లు తీస్కోని అచ్చిండ్రు" అని చదివాను. ఒక్క అక్షరం తప్పలేదు. అయినా టక్.

"మాటలు మనయే. రాగం గాదు" అన్నాడు సారు. "మల్ల సదువు." మళ్లీ చదివాను. టక్. మళ్లీ. టక్. లైట్ల వేడికి కళ్లు మండుతున్నాయి. "నీకేమైందమ్మా? మీ అవ్వ నీతోటి ఎట్ల మాట్లాడుతది? గట్ల మాట్లాడు!"

"మా అమ్మ నాతో ఇలాగే మాట్లాడుతుంది సార్" అన్నాను.

ఆయన జోకనుకుని నవ్వాడు. నేను కాగితం బల్ల మీద విసిరికొట్టి, "నీ కొలువు పోతదే బిడ్డా!" అన్నాను. అది ఎవరితో అన్నానో నాకే తెలియదు.

సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "గదీ! గదే రాగం! ఇంకోసారి అను!"

ఇంకోసారి అన్నాను. రాలేదు. ఎన్నిసార్లు అన్నా రాలేదు. నీ కొలువు పోతుందే బిడ్డా, నీ కొలువు పోతదే అమ్మా, ఏదేదో వచ్చింది కానీ అది రాలేదు. చివరికి సారు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. షట్టర్ ఎత్తించి మల్లాపూర్ పిల్లను పిలిచాడు. ఆ పిల్ల చెమట తుడుచుకుంటూ వచ్చి, నా కుర్చీలో కూర్చుని, "ఏంది, గిక్కడ ఫ్యాన్ లేదా?" అంది. ఆ ఒక్క మాటతోనే ఆమెకు ఉద్యోగం వచ్చేసిందని నాకు తెలిసిపోయింది.

నన్ను మాత్రం తీసెయ్యలేదు. "నువ్వెటు పోతవమ్మా, పని నేర్సుకున్నదానివి" అన్నాడు సారు. "అడ్వటైజ్మెంట్లు నువ్వే సదువు. బట్టల దుకాణాలోల్లు, బంగారం దుకాణాలోల్లు శుద్ధమైన తెలుగే కావాలంటున్నరు." మొహం కనిపించదు, గొంతొక్కటే. అదే షట్టర్ గదిలో, మల్లాపూర్ పిల్ల లేచి వెళ్లాక, కెమెరా లైట్లు ఆర్పేసి, చీకట్లో కూర్చుని "అద్దెకు ఇవ్వబడును" అని చదివేదాన్ని. కోరుట్లలో చాట మళ్లీ దుమ్ము పట్టింది. దాన్ని చూస్తే మునుపటి హాయి మాత్రం రాలేదు.

ఆ వారమే మా అవ్వకు ఫోన్ చేసి చెప్పాను. వార్తలు పోయాయి, ప్రకటనలు ఉన్నాయి, ఇక నువ్వు నాతో ఎలాగైనా మాట్లాడొచ్చు అన్నాను.

"ఆ ప్రకటనలు ఏ తెలుగులో చదవాలి?" అని అడిగింది.

"ఈ తెలుగులోనే."

"అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి అమ్మా. ఉన్నది అదొక్కటే కదా" అంది.

తర్వాత తెలంగాణ వచ్చింది. వీధుల్లో రంగులు చల్లుకున్నారు, నేనూ చల్లాను. మల్లాపూర్ పిల్ల ఎక్కడికో పెద్ద ఛానెల్‌కు వెళ్లిపోయింది, ఆమె కుర్చీలోకి అలాంటి మాటే ఉన్న ఇంకో పిల్ల వచ్చింది. నేను ప్రకటనల్లోనే ఉన్నాను. ఇదంతా రాస్తున్నది కూడా చూడండి, ఏ తెలుగులో రాస్తున్నానో.

సిరిసిల్ల పోయినప్పుడల్లా మా సందు మొదట్లోనే చెప్పులు విడిచి చేత పట్టుకుంటాను. చప్పుడు కాకుండా నడిచి గడప ఇవతల నిలబడతాను. లోపల మా అవ్వ ఎవరితోనో మిషన్ చప్పుడును మించి మాట్లాడుతూ ఉంటుంది. "మా బిడ్డకేందే, నౌకరి ఉన్నది. ఎవ్వడు తీసెయ్యడు" అంటుంది. కాళ్లు నొప్పి పుట్టేదాకా వింటాను. తర్వాత చెప్పులు కింద పడేసి, లోపలికి అడుగు పెడతాను. మిషన్ ఆగుతుంది.

"వచ్చావా అమ్మా" అంటుంది. "వచ్చానమ్మా" అంటాను.